వెళ్ళి ఉంటాడా, వెళ్ళే ఉంటాడా?

ఇంగ్లిష్ సందేహాలు – జవాబులు

ఈసారి విశాఖ పాఠకుల ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే చోట తిరిగాయి. జరిగిపోయినదాన్ని మనం కళ్ళారా చూడలేదు, ఆనవాళ్ళను బట్టి ఊహించి చెబుతున్నాం. అప్పుడు ఇంగ్లిష్‌లో ఏ మాట వాడాలి? మస్ట్ హ్యావ్, మైట్ హ్యావ్, కాంట్ హ్యావ్, వుడ్ హ్యావ్... వీటిలో దేని బరువెంత?

గాజువాక నుంచి ఒక పాఠకురాలు: మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. ఎక్కిన రైలు విశాఖ స్టేషన్‌లోకి రాదు, దువ్వాడ మీదుగా భువనేశ్వర్ వైపు పోతుంది. ఫోన్ స్విచాఫ్. మా కోడలికి తెలుగు రాదు. ‘దువ్వాడలో దిగి ఉంటాడులే’ అనే అర్థంతో ‘హి మైట్ హ్యావ్ గాట్ డౌన్ ఎట్ దువ్వాడ’ అని మెసేజ్ పెట్టాను. ఆ అమ్మాయి ఇంకా కంగారుపడింది. నేనేం తప్పు రాశాను?

జవాబు: వ్యాకరణంలో తప్పు లేదు. బరువు చాలలేదు. ‘మైట్ హ్యావ్’ అంటే ‘దిగి ఉండొచ్చు, దిగకపోనూ వచ్చు’. మీ కోడలు ఆ రెండో సగం చదువుకుంది.

తెలుగులో ‘దిగి ఉంటాడు’ అనేది చాలా విశాలమైన మాట. సగం నమ్మకంతోనూ అనొచ్చు, పూర్తి నమ్మకంతోనూ అనొచ్చు. తేడా అంతా గొంతులో ఉంటుంది, లేదా ఒక్క ఏకారంలో ఉంటుంది. ‘దిగి ఉంటాడు’ అంటే బహుశా. ‘దిగే ఉంటాడు’ అంటే సందేహం అక్కర్లేదని. ఇంగ్లిష్‌లో ఆ ఏకారం లేదు కాబట్టి ఆ పని మోడల్ వెర్బ్, అంటే మస్ట్, మైట్, కుడ్ లాంటి సహాయక క్రియ, చేయాలి. మీ దగ్గరున్న ఆధారాలు చూడండి. టికెట్ దువ్వాడ వరకే ఉంది. రైలు ఆరింటికి దువ్వాడ దాటిపోయింది. అబ్బాయికి ఆ స్టేషన్ కొత్త కాదు. ఇన్ని ఉన్నప్పుడు ‘మస్ట్ హ్యావ్’ అనే హక్కు మీకుంది. మెసేజ్ ఇలా ఉండాల్సింది: ‘ది ట్రైన్ లెఫ్ట్ దువ్వాడ ఎట్ సిక్స్. హి మస్ట్ హ్యావ్ గాట్ ఆఫ్ దేర్. హిజ్ ఫోన్ మే హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ ఛార్జ్.’ మొదటి వాక్యం తెలిసిన నిజం, రెండోది నిజం మీద కట్టిన నిర్ధారణ, మూడోది ఒట్టి అవకాశం. మూడింటికీ మూడు క్రియారూపాలు.

వాక్యం కట్టేముందు ‘ఇది కాక ఇంకేం జరిగి ఉండొచ్చు?’ అని ఒకసారి అడిగి చూడండి. ఇంకో దారేదీ కనబడకపోతే మస్ట్ హ్యావ్. ఇంకో రెండు మూడు దారులు తెరిచి ఉంటే మే, మైట్, కుడ్ హ్యావ్‌లలో ఏదైనా సరే. ఉన్న ఆధారమే ఆ మాటను కొట్టేస్తుంటే కాంట్ హ్యావ్ లేదా కుడెంట్ హ్యావ్. కొన్ని గైడ్లలో మస్ట్‌కి 95 శాతం, మేకి 50, మైట్‌కి 30 అంటూ పట్టికలు ఉంటాయి. అవి క్లాసులో బోర్డు మీద గీయడానికి బాగుంటాయంతే, మాట్లాడేవాడెవడూ శాతాలు లెక్కేసుకోడు. మే, మైట్, కుడ్ ఈ సందర్భంలో దాదాపు ఒకటే. మైట్ కొంచెం పల్చన, అంతవరకే.

కట్టడం మాత్రం ఎప్పుడూ ఒకటే: మోడల్, తర్వాత హ్యావ్, తర్వాత క్రియ మూడో రూపం, అదే మన విద్యార్థులు వీ-త్రీ అనేది. కర్త హి అయినా షి అయినా ‘హ్యాజ్’ రాదు, పాత విషయం కదా అని ‘హ్యాడ్’ కూడా రాదు. ‘మస్ట్ హ్యాజ్ గాన్’, ‘మస్ట్ హ్యాడ్ గాన్’, ‘మస్ట్ హ్యావ్ వెంట్’ మూడూ తప్పే. మీరు రాసిన ‘గాట్ డౌన్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్ళు రైలు విషయంలో ‘గాట్ ఆఫ్’ అంటారు.

ఇంకొకటి. ‘మస్ట్’ బలమైన మాట కదా అని నిజం తెలిసిన చోట కూడా వాడితే బలం తగ్గుతుంది. అబ్బాయి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ‘హి మస్ట్ హ్యావ్ గాట్ ఆఫ్’ అనరు, ‘హి గాట్ ఆఫ్ ఎట్ దువ్వాడ’ అంటారు. మస్ట్ హ్యావ్ అన్నామంటేనే ‘నేను చూడలేదు’ అని ఒప్పుకున్నట్టు.

మన తర్కశాస్త్రంలో పొగను చూసి కొండ మీద నిప్పుందని తేల్చడాన్ని ‘అనుమానం’ అంటారు. నేటి వాడుకలో అదే మాటకు సందేహమని అర్థం స్థిరపడింది. మస్ట్ హ్యావ్‌ది ఆ పాత అనుమానం, మైట్ హ్యావ్‌ది ఈనాటి అనుమానం అని గుర్తుపెట్టుకుంటే మీకిక పట్టిక అక్కర్లేదు.

మద్దిలపాలెం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్డే’ తప్పు, హ్యావ్‌తో ఎస్టర్డే రాకూడదు అని నేర్పారు. మరి ‘ఐ మస్ట్ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్డే’ ఎలా ఒప్పయింది?

జవాబు: రెండు హ్యావ్‌లూ చూడ్డానికి ఒకటే గానీ చేసే పని వేరు. మొదటిది ప్రెజెంట్ పర్ఫెక్ట్. గతాన్ని ఇప్పటికి ముడివేస్తుంది కాబట్టి, అయిపోయిన ‘నిన్న’తో దానికి పొసగదు. రెండోది మోడల్ వెనకాల వచ్చింది. ఊహ చెప్పే మస్ట్‌కు భూతకాల రూపం లేదు, ‘మస్టెడ్’ అనలేం. మోడల్ తర్వాత క్రియ మూలరూపమే రావాలి కాబట్టి ‘మస్ట్ సా’ అనీ కుదరదు. మిగిలింది ఒకే దారి: హ్యావ్ పెట్టి వీ-త్రీ తగిలించడం. ఇక్కడ హ్యావ్ పని ‘ఇది అయిపోయిన సంగతి’ అని చెప్పడం వరకే.

అందుకే మూడు వేర్వేరు కాలాలు మోడల్ దగ్గరికి వచ్చేసరికి ఒకే రూపంలోకి ఒదుగుతాయి. ‘ఐ సా హిమ్ ఎస్టర్డే’ అన్నది ‘ఐ మస్ట్ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్డే’ అవుతుంది. ‘షి హ్యాజ్ ఆల్రెడీ ఈటెన్’ అన్నది ‘షి మస్ట్ హ్యావ్ ఆల్రెడీ ఈటెన్’. ‘దే హ్యాడ్ లెఫ్ట్ బిఫోర్ ది రెయిన్’ అన్నది ‘దే మస్ట్ హ్యావ్ లెఫ్ట్ బిఫోర్ ది రెయిన్’. సందేహమొస్తే మోడల్ తీసేసి మామూలు వాక్యం చెప్పుకోండి. ఆ వాక్యంలో ‘నిన్న’ ఇమిడితే మోడల్‌తోనూ ఇముడుతుంది.

సీతమ్మధార నుంచి పోటీపరీక్షల అభ్యర్థిని: ‘హి ___ హ్యావ్ సీన్ మి’ అని ఇచ్చి, అతను అటు తిరిగి ఉన్నాడని చెప్పి, ఖాళీలో ఏది వస్తుందో అడిగారు. నేను ‘మస్టెంట్’ పెట్టాను, కీలో ‘కాంట్’ ఉంది. మస్ట్‌కు వ్యతిరేకం మస్ట్ నాట్ కాదా?

జవాబు: ఆజ్ఞలో మస్ట్‌కు మస్ట్ నాట్ జోడీ, అది నిషేధం. ఊహలో మస్ట్‌కు జోడీ కాంట్. ‘మస్ట్ హ్యావ్ సీన్’ అంటే చూసే ఉంటాడు, ‘కాంట్ హ్యావ్ సీన్’ అంటే చూసి ఉండే అవకాశమే లేదు. పరీక్షలో కాంట్ లేదా కుడెంట్ ఎంచుకోండి, మార్కు పోదు. అలాగని మీది భాషలో లేనిదేం కాదు. అమెరికన్లు ‘హి మస్ట్ నాట్ హ్యావ్ సీన్ మి’ అని ధారాళంగా అంటారు, ఐర్లండ్‌లోనూ వినిపిస్తుంది. అక్కడ అది ‘చూసి ఉండడు, అందుకే పలకరించలేదు’ అన్నంత ధ్వనిస్తుంది. కాంట్ హ్యావ్ అంతకంటే కరుకు, అసాధ్యం అనే మాట.

నిజంగా పొరబడేది ఇక్కడ కాదు, ‘మైట్ నాట్ హ్యావ్’ దగ్గర. ‘హి మైట్ నాట్ హ్యావ్ సీన్ మి’ అంటే ‘చూసి ఉండకపోవచ్చు’. చూశాడేమో కూడా. ‘హి కుడెంట్ హ్యావ్ సీన్ మి’ అంటే ఆ ‘చూశాడేమో’కి తలుపు మూసేసినట్టు. మైట్ నాట్‌లో నాట్ పోయి క్రియను కాదంటుంది. కుడెంట్‌లో అవకాశాన్నే కాదంటుంది. రాతపనిలో ఈ తేడా మనిషిని ఇరికించేస్తుంది. ఒకతను సాయంత్రం 6 గంటలకు తగరపువలస బస్సులో ఉన్నట్టు టికెట్టూ కండక్టరూ సాక్ష్యం. అదే 6 గంటలకు జగదాంబ జంక్షన్‌లో గొడవ జరిగింది. ‘హి కుడెంట్ హ్యావ్ బీన్ ఎట్ జగదాంబ ఎట్ సిక్స్’ అంటే అతన్ని విడిపించినట్టు. ‘హి మైట్ నాట్ హ్యావ్ బీన్’ అని రాస్తే అతను ఇంకా లిస్టులోనే ఉన్నట్టు.

పెందుర్తి నుంచి ఒక ఉద్యోగి: సెలవు చీటీలో ‘ఐ మస్ట్ హ్యావ్ గాన్ టు ది హాస్పిటల్ ఎస్టర్డే’ అని రాస్తే మేనేజర్ నవ్వారు.

జవాబు: ‘నిన్న నేను ఆసుపత్రికి వెళ్ళే ఉంటాను’ అని చదివి ఉంటారు, తన సంగతి తనకే తెలియనట్టు. మీరు చెప్పదలచింది ‘వెళ్ళాల్సి వచ్చింది’. అది ‘ఐ హ్యాడ్ టు గో’. మస్ట్‌కు తెలుగులో ‘వెళ్ళాలి’, ‘చేయాలి’లోని ‘-ఆలి’ అని ఒకే అర్థం నూరిపోయడంతో వచ్చే తంటా ఇది. తెలుగు క్రియ చివరను పట్టుకుంటే పొరపాటు పడరు. ‘వెళ్ళాల్సి వచ్చింది’ హ్యాడ్ టు గో. ‘వెళ్ళి ఉండాలి’, ‘వెళ్ళే ఉంటాడు’ మస్ట్ హ్యావ్ గాన్. ‘వెళ్ళాల్సింది, వెళ్ళలేదు’ షుడ్ హ్యావ్ గాన్. ‘వెళ్ళనక్కర్లేకపోయినా వెళ్ళాడు’ నీడెంట్ హ్యావ్ గాన్.

ఒక వార్తాపత్రికలో అనువాదకుడు, విశాఖ: తుపాను వార్తల్లో ‘మే హ్యావ్ బీన్ కిల్డ్’ బదులు ‘మైట్ హ్యావ్ బీన్ కిల్డ్’ రాస్తే మా డెస్క్‌లో మారుస్తారు. రెండూ ఒకటేనని పైన మీలాంటివాళ్ళే అంటారు కదా?

జవాబు: ఏం జరిగిందో ఇంకా తేలనప్పుడు ఒకటే. తేలిపోయాక ఒకటి కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు వేటకు పోయిన పడవ ఒకటి తిరిగి రాలేదనుకుందాం. ఆ రాత్రికి ‘దే మే హ్యావ్ డ్రౌండ్’ సరైన వాక్యం, ‘మైట్’ అన్నా తప్పు లేదు. మర్నాడు అందరూ క్షేమంగా ఒడ్డుకు చేరారు. ఇప్పుడు ‘మునిగిపోయి ఉండేవాళ్ళే, అదృష్టం’ అనాలి. దానికి ‘దే మైట్ హ్యావ్ డ్రౌండ్’ లేదా ‘కుడ్ హ్యావ్ డ్రౌండ్’ మాత్రమే పనికొస్తాయి. ఇక్కడ ‘మే’ పెడితే, మునిగారో లేదో ఇంకా తెలియదన్న అర్థం వచ్చి, బతికున్నవాళ్ళ ఇళ్ళలో ఏడుపు మొదలవుతుంది. ఇంగ్లిష్‌వాళ్ళలోనూ ఈ తేడా పాటించనివాళ్ళు ఉన్నారు, అయినా వార్త రాసేవారు పాటించి తీరాలి. మీ డెస్క్ పట్టుదల సరైనదే, తేలని వార్తల వరకు ‘మే’ వాడటం అన్నివిధాలా క్షేమం.

కుడ్ హ్యావ్‌కు ఇంకో చిక్కుంది. ‘యూ కుడ్ హ్యావ్ కాల్డ్ మి’ అంటే ఊహ కాదు, ‘ఒక ఫోన్ చేయొచ్చుగా’ అనే నిష్ఠూరం. సందర్భం స్పష్టంగా లేకపోతే ఊహకు మే హ్యావ్ వాడుకోండి.

పోర్టు ప్రాంతంలో షిప్పింగ్ ఏజెన్సీ ఉద్యోగి: ‘ది డాక్యుమెంట్స్ వుడ్ హ్యావ్ రీచ్డ్ యూ బై నౌ’ అని రోజూ రాస్తుంటాం. ఒక విదేశీ క్లయింట్ ‘ఇఫ్ వాట్?’ అని తిరిగి అడిగారు.

జవాబు: అడగడంలో న్యాయముంది. వుడ్ హ్యావ్ వినగానే బయటివాళ్ళ చెవి ‘అలా జరిగి ఉంటే’ అనే షరతు కోసం ఎదురుచూస్తుంది: మేం పంపి ఉంటే చేరేవి, పంపలేదు కాబట్టి చేరలేదు. మనం విల్ అనాల్సిన చోట మర్యాద కోసం వుడ్ అంటుంటాం. అది భారతీయ ఇంగ్లిష్‌లో బాగా పాతుకుపోయిన అలవాటు. మన ఆఫీసుల మధ్య గొడవ లేదు, సముద్రం దాటితే ఉంది.

మీ పనిలో నాలుగు మాటలు వేరుచేసుకుంటే చాలు. కొరియర్‌కు మామూలుగా మూడు రోజులు పడుతుంది, పంపి ఐదు రోజులైంది, మీరు ట్రాక్ చేయలేదు. అప్పుడు ‘విల్ హ్యావ్ రీచ్డ్’. ఇది అలవాటు మీద, లెక్క మీద నిలబడే నమ్మకం. ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని కనిపిస్తోంది, అయినా వాళ్ళు అందలేదంటున్నారు. అప్పుడు ‘సమ్‌వన్ ఇన్ యువర్ ఆఫీస్ మస్ట్ హ్యావ్ సైన్డ్ ఫర్ దెమ్’. ఇది కనబడుతున్న ఆనవాలు మీద నిలబడేది. లెక్క ప్రకారం చేరాలి కానీ హామీ ఇవ్వలేరు. అప్పుడు ‘షుడ్ హ్యావ్ రీచ్డ్’. వినయంగా ఉంటుంది, తప్పుకోవడానికి సందూ ఉంటుంది. పంపనే లేదు, కారణం చెప్పుకోవాలి. అప్పుడు మాత్రమే ‘వుడ్ హ్యావ్ రీచ్డ్’, పక్కన ఇఫ్‌తో సహా.

షుడ్ హ్యావ్‌తో ఒక జాగ్రత్త. ‘ది వెసెల్ షుడ్ హ్యావ్ బెర్తెడ్ బై నౌ’ అంటే అంచనా. ‘యూ షుడ్ హ్యావ్ ఇన్ఫార్మ్డ్ అస్’ అంటే మందలింపు. కర్త ‘యూ’ అయితే వాక్యం రెండోసారి చదువుకుని పంపండి.

భీమిలి నుంచి టూరిస్టు గైడు శిక్షణలో ఉన్న పాఠకుడు: తొట్లకొండ బౌద్ధక్షేత్రం గురించి విదేశీయులకు చెప్పేటప్పుడు ప్రతి వాక్యంలో మస్ట్ హ్యావ్ వస్తోంది. బాగుండట్లేదు.

జవాబు: బాగుండదు, ఎందుకంటే తెలిసినదాన్నీ ఊహించినట్టు చెబుతున్నారు. రాళ్ళు చెప్పేది వేరు, రాళ్ళను చూసి మనం చెప్పేది వేరు. 1988లో మొదలైన తవ్వకాల్లో స్తూపం, విహారాలు బయటపడ్డాయి, శాతవాహనుల నాణేలూ రోమన్ వెండి నాణేలూ దొరికాయి, రాతిలో తొలిచిన నీటి తొట్లు కళ్ళెదురుగానే ఉన్నాయి. ఇవన్నీ సింపుల్ పాస్ట్‌లో చెప్పాలి: ‘బుద్ధిస్ట్ మాంక్స్ లివ్డ్ హియర్. దే కట్ దీజ్ సిస్టర్న్స్ ఇన్ టు ది రాక్.’ ఇక్కడ మస్ట్ హ్యావ్ పెడితే మీకే నమ్మకం లేనట్టుంటుంది.

తొట్లలో నీళ్ళెక్కడివి? కొండ నెత్తిన ఏరు లేదు. ఆధారం ఒకే వైపు చూపిస్తోంది: ‘దే మస్ట్ హ్యావ్ కలెక్టెడ్ రెయిన్ వాటర్.’ ఇది న్యాయమైన మస్ట్. ఇక రోమన్ నాణేలు. ‘రోమన్ ట్రేడర్స్ మస్ట్ హ్యావ్ క్లైమ్డ్ దిస్ హిల్’ అనేది ఎక్కువ మంది జారిపడే చోటు. నాణెం చేతులు మారుతుంది, రోమ్‌లో ముద్రపడ్డ నాణేన్ని ఇక్కడిదాకా రోమన్ వర్తకుడే మోసుకురానక్కర్లేదు. ‘ది మోనాస్టరీ మస్ట్ హ్యావ్ హ్యాడ్ సమ్ లింక్ విత్ ట్రేడ్. రోమన్ ట్రేడర్స్ మే హ్యావ్ కమ్ హియర్, ఆర్ ది కాయిన్స్ మే హ్యావ్ పాస్డ్ త్రూ మెనీ హ్యాండ్స్’ అనండి. వినేవారిలో చరిత్ర చదివినవాళ్ళుంటే మీ మే దగ్గరే మీకు మార్కులు పడతాయి. ‘హ్యావ్ హ్యాడ్’ పక్కపక్కన రావడం చూసి బెదరకండి. మొదటిది సాయం, రెండోది హ్యావ్ అనే క్రియకు వీ-త్రీ.

ఎంవీపీ కాలనీ నుంచి: ఉదయం లేచేసరికి రోడ్డు తడిగా ఉంది. ‘మస్ట్ హ్యావ్ రెయిన్డ్’ అనాలా, ‘మస్ట్ హ్యావ్ బీన్ రెయినింగ్’ అనాలా? అలాగే బీచ్ రోడ్డులో బండి కనబడకపోతే ‘మై బైక్ మస్ట్ హ్యావ్ స్టోలెన్’ అనొచ్చా?

జవాబు: వాన వెలిసిపోయి తడి మాత్రం మిగిలితే ‘ఇట్ మస్ట్ హ్యావ్ రెయిన్డ్ ఇన్ ది నైట్’. ఒకానొక సమయంలో కురుస్తూ ఉందని చెప్పాలంటే ‘ఇట్ మస్ట్ హ్యావ్ బీన్ రెయినింగ్ వెన్ హి లెఫ్ట్, హి టుక్ ది అంబ్రెల్లా’.

బండి సంగతి: మీరు రాసినదాని అర్థం బండే దొంగతనం చేసిందని. దొంగిలించబడింది అనాలంటే ‘బీన్’ కావాలి: ‘మై బైక్ మస్ట్ హ్యావ్ బీన్ స్టోలెన్’. తెలుగులో ‘పోయి ఉంటుంది’ అంటే సరిపోతుంది, అందుకే బీన్ జారిపోతూ ఉంటుంది. ‘సమ్‌వన్ మస్ట్ హ్యావ్ టేకెన్ ఇట్’ అంటే ఆ బెడద ఉండదు. అయితే పార్కింగ్ సిబ్బంది పక్కకు జరిపి ఉండొచ్చనే అవకాశం ఉంటే, పోలీసు ఫిర్యాదుకు ముందు మస్ట్‌ను మేగా మార్చుకోండి.

గోపాలపట్నం నుంచి: ‘మస్ట్ హి హ్యావ్ గాన్?’ అని అడగొచ్చా?

జవాబు: అడగరు. ఊహను ప్రశ్నగా అడిగేటప్పుడు కుడ్ లేదా కెన్ వస్తుంది: ‘కుడ్ హి హ్యావ్ ఫర్‌గాటెన్?’, ‘వేర్ కెన్ హి హ్యావ్ గాన్?’ జవాబులో మస్ట్ మళ్ళీ వస్తుంది గానీ ఒంటరిగా రాదు. ‘గేటు తాళం వేశాడా?’ అంటే ‘హి మస్ట్ హ్యావ్’ అని హ్యావ్ దాకా అనాలి. ‘హి మస్ట్’ దగ్గర ఆగితే ‘వేసి తీరాలి’ అని ఆజ్ఞలా వినిపిస్తుంది.

అక్కయ్యపాలెం నుంచి ఇంటర్ విద్యార్థిని: నెట్‌లో ఇంగ్లిష్‌వాళ్ళే ‘మస్ట్ ఆఫ్ (of)’, ‘కుడ్ ఆఫ్ (of)’ అని రాస్తున్నారు. అది కొత్త రూపమా?

జవాబు: కాదు, అక్షరదోషం. మాటల్లో హ్యావ్ నలిగి ‘అవ్’ మాత్రమే మిగులుతుంది. మస్టవ్, కుడవ్, మైటవ్ అంటారు. ‘ఆఫ్’ అనే మాటనూ నెమ్మదిగా కాకుండా మామూలుగా పలికితే అచ్చం అలాగే ‘అవ్’ అని వినిపిస్తుంది. విన్నది విన్నట్టు రాసేవాళ్ళు అలా రాస్తారు. మీరు వినేటప్పుడు ‘అవ్’ను పట్టుకోండి, పలికేటప్పుడూ హ్యావ్‌ను ఒత్తకండి: ‘షి మస్టవ్ గాన్’. రాసేటప్పుడు మాత్రం హ్యావ్.